మ్యాగజైన్ తీసేసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ అయినట్టు కాదు.. లైసెన్స్ ఆయుధాన్ని విప్పి తుడిచేవాళ్లు ముందుగా చూడాల్సింది ఇదే!

పిస్టల్ శుభ్రం చేస్తుండగా మిస్‌ఫైర్.. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. ఖాళీగా ఉన్న తుపాకీ ఎలా పేలింది? జవాబు కూడా ఒక్కటే. అది ఖాళీగా లేదు. ఖాళీగా ఉందని అనుకున్నారంతే.

అసలు మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. మనం మాత్రం అనుకోకుండా పేలిన ప్రతిదాన్నీ మిస్‌ఫైర్ అనేస్తున్నాం. ఆ మాట వాడితే తప్పు తుపాకీ మీదకు పోతుంది. చాలాసార్లు తప్పు తుపాకీది కాదు, చేతిది. రెండు పనులు చేయాల్సిన వరుసలో చేయకపోవడం వల్లే ప్రాణాలు పోతుంటాయి. ఆ వరుస ఏంటి? చిన్న పిస్టల్‌ను విప్పడం, తుడవడం, మళ్లీ బిగించడం ఎలా? ఏ పని ఇంట్లో చేసుకోవచ్చు, ఏది చేస్తే కేసు అవుతుంది? పూర్తి వివరాలు చూద్దాం.

ఎన్నికలకూ, తుప్పుకూ లింకేంటి?

పొదిలి లాంటి ఊళ్లో లైసెన్స్ ఆయుధం ఉన్నవాళ్లు తక్కువే. బ్యాంకు దగ్గర డబుల్ బ్యారెల్ తుపాకీతో నిలబడే గార్డులు, పెద్ద మొత్తంలో డబ్బు చేతులు మారే వ్యాపారాల వాళ్లు, తండ్రి తాతల నుంచి వచ్చిన ఆయుధం ఉన్న కుటుంబాలు.. ఎక్కువగా ఇలాంటి వాళ్లే. వీళ్లలో చాలామందికి ఎన్నికలు వచ్చాయంటే ఒక పని తప్పదు. ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయాలి.

2024 ఎన్నికలే తీసుకుందాం. మార్చి 16న షెడ్యూల్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో మే 13న పోలింగ్ జరిగింది. జూన్ 4న ఫలితాలు వచ్చాయి. షెడ్యూల్ నుంచి ఫలితాల దాకా 80 రోజులు. ఆయుధాన్ని తిరిగి ఇచ్చేది ఫలితాల తర్వాతే. అంటే ఎండాకాలం మొత్తం ఆ పిస్టల్ యజమాని చేతికి అందలేదు. తుడిచే అవకాశమూ లేదు.

తిరిగి తెచ్చుకున్న రోజు చాలామంది చేసేది ఏంటంటే.. మంచం మీద కూర్చుని విప్పడం మొదలుపెడతారు. మూడు నెలలుగా ముట్టుకోని వస్తువు. చేతికి అలవాటు తప్పి ఉంటుంది. డిపాజిట్ చేసేటప్పుడు తూటాలు తీసిచ్చామన్న ధీమా ఉంటుంది. జాగ్రత్త ఎక్కువ కావాల్సింది సరిగ్గా ఆ రోజే.

పొడి ఊళ్లో తుప్పు ఎలా పడుతుంది?

ఉమ్మడి ప్రకాశం జిల్లాలో పొదిలి, దర్శి, కనిగిరి వైపు అంతా పొడి వాతావరణం. సముద్రం దగ్గర్లో లేదు కాబట్టి ఇనుముకు తుప్పు పట్టదని కొందరి నమ్మకం. అది సగమే నిజం.

ఎండాకాలంలో పిస్టల్‌కు పెద్ద శత్రువు చెమట. నడుముకు పెట్టుకుని తిరిగినా, చెమట చేత్తో పట్టుకుని అలాగే బీరువాలో పెట్టినా చెమటలోని ఉప్పు ఉక్కు మీద ఉండిపోతుంది. రెండు మూడు రోజుల్లోనే వేలిముద్రలు పడినచోట ఎర్రటి మరకలు కనిపిస్తాయి.

రెండోది దుమ్ము. పత్తి తీసే రోజుల్లో దూది నూగు, మిర్చి కల్లాల కాలంలో సన్నటి పొడి ఇంట్లో ప్రతి మూలకూ చేరతాయి. నూనె ఎక్కువగా పూసిన పిస్టల్ మీద ఇవన్నీ అతుక్కుని ముద్దగా మారతాయి. స్లైడ్ బరువుగా కదులుతుంది. తూటా ఛాంబర్‌లోకి సరిగ్గా ఎక్కదు. పేలిన తూటా తొడుగు బయటికి పడకుండా ఇరుక్కుంటుంది.

మూడోది తోలు ఒర. తోలు తేమను పట్టి ఉంచుతుంది. తోలును పదును చేసేటప్పుడు వాడిన రసాయనాలు కూడా లోహాన్ని తింటాయి. పిస్టల్‌ను నెలల తరబడి తోలు ఒరలోనే ఉంచి దాచిపెట్టడం మంచి అలవాటు కాదు.

శుభ్రం చేసుకోవచ్చు.. రిపేర్ చేయకూడదు

ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. దాని కింద ఇప్పుడు అమల్లో ఉన్నవి 2016 నాటి ఆయుధాల నిబంధనలు. లైసెన్స్ ఉన్న వ్యక్తి తన ఆయుధాన్ని తుడుచుకోవడం, నూనె వేసుకోవడం మామూలు సంరక్షణ కిందకే వస్తుంది. 2016 నిబంధనల్లో పెట్టిన శిక్షణ కోర్సులో కూడా ఆయుధాన్ని జాగ్రత్తగా పట్టుకోవడం, సంరక్షించడం, భద్రపరచడం భాగమే.

రిపేర్ సంగతి వేరు. చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం ఆయుధాలు తయారు చేయడానికి, అమ్మడానికి, మార్చడానికి, రిపేర్ చేయడానికి విడిగా లైసెన్స్ ఉండాలి. ట్రిగ్గర్ గట్టిగా ఉందని ఆకురాయితో అరగదీయడం, పిన్ విరిగిందని ఊళ్లో లేత్ మిషన్ దగ్గర కొత్తది చేయించడం.. ఇవి శుభ్రం చేయడం కిందకు రావు. చేయించినవాళ్లకూ చేసినవాళ్లకూ ఇద్దరికీ ఇబ్బందే.

ఇంకో విషయం. 2019లో చట్టాన్ని సవరించారు. ఒకరి దగ్గర మూడు ఆయుధాల వరకు ఉండొచ్చన్న పరిమితిని రెండుకు తగ్గించారు. లైసెన్స్ గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు. నిర్లక్ష్యంగా ఆయుధం పేల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చినా ఇదే సెక్షన్. నిర్లక్ష్యం వల్ల ఎవరైనా చనిపోతే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉంటుంది. శుభ్రం చేస్తూ పేలిందని చెప్పినంత మాత్రాన కేసు ఉండదనుకోవడం పొరపాటు.

చిన్న పిస్టల్ అంటే ఏది?

మన దేశంలో మామూలు పౌరులకు 9 ఎంఎం పిస్టల్ ఇవ్వరు. అది నిషేధిత బోర్. పోలీసులు, సైన్యం వాడేవి అవి. పౌరుల దగ్గర ఎక్కువగా ఉండేది .32 బోర్. వీటిలో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారైనవి కొన్ని, పాత విదేశీ పిస్టళ్లు కొన్ని. వాల్తర్, బ్రౌనింగ్, కోల్ట్, వెబ్లీ లాంటి పేర్లున్నవి చాలావరకు దశాబ్దాల కిందట దేశంలోకి వచ్చినవే. వయసు మీద పడిన ఆయుధాలు కాబట్టి స్ప్రింగులు, సేఫ్టీ మీద గుడ్డిగా నమ్మకం పెట్టుకోకూడదు.

భాగాల పేర్లు తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. పైన వెనక్కీ ముందుకీ జారేది స్లైడ్. లోపల తూటా దూసుకెళ్లే గొట్టం బ్యారెల్. బ్యారెల్ వెనక భాగంలో తూటా కూర్చునే గది ఛాంబర్. పిడిలోకి దూర్చే తూటాల డబ్బా మ్యాగజైన్. స్లైడ్‌ను మళ్లీ ముందుకు నెట్టేది రిటర్న్ స్ప్రింగ్. పేలిన తొడుగును ఛాంబర్ నుంచి లాగే చిన్న కొక్కెం ఎక్స్‌ట్రాక్టర్. వీటన్నింటినీ మోసే పిడి భాగం ఫ్రేమ్.

.32 అని రాసి ఉన్నంత మాత్రాన తూటాలన్నీ ఒకటి కావు. .32 రివాల్వర్ తూటా వేరు, .32 పిస్టల్ తూటా వేరు. ఇంట్లో రెండు ఆయుధాలూ ఉన్నవాళ్లు వీటిని కలిపి ఒకే డబ్బాలో పెట్టకూడదు.

కూర్చునే ముందు..

పని మొదలుపెట్టే ముందు ఐదు ఏర్పాట్లు చేసుకోవాలి.

ఒకటి, పిల్లలు లేని గది. ఫోన్ పక్కన పెట్టేయాలి. మాట్లాడుతూ చేసే పని కాదిది. మందు తాగి అస్సలు ముట్టుకోకూడదు.

రెండు, గాలి ఆడే చోటు. కిటికీలు తెరిచి ఉంచాలి. శుభ్రం చేసే ద్రావకాలు మండే స్వభావం ఉన్నవి. అగర్‌బత్తి, సిగరెట్, గ్యాస్ పొయ్యి దగ్గర్లో ఉండకూడదు. వంటగదిలో, అన్నం తినే బల్ల మీద ఈ పని వద్దు. కాల్చిన తుపాకీ మసిలో సీసం ఉంటుంది.

మూడు, నేల మీదో బల్ల మీదో పరిచిన తెల్లటి పాత దుప్పటి. చిన్న స్ప్రింగ్ జారిపడినా కనపడుతుంది. మంచం మీద చేస్తే పరుపు మడతల్లో పోతుంది.

నాలుగు, కళ్లద్దాలు. స్ప్రింగ్ ఎగిరి కంట్లో తగిలే ప్రమాదం ఉంది. చదువుకునే అద్దాలైనా సరే పెట్టుకోవాలి.

ఐదు, తూటాలు వేరే గదిలో. పని జరిగే దుప్పటి మీద ఒక్క తూటా కూడా ఉండకూడదు. పాడైపోయిందని పక్కన పెట్టినదైనా సరే.

అసలు ఘట్టం.. ఖాళీ చేయడం

ప్రాణం కాపాడే వరుస ఇదే. ముందు మ్యాగజైన్. తర్వాతే స్లైడ్. తారుమారు కాకూడదు.

ఎందుకంటే.. మ్యాగజైన్ లోపల ఉండగానే స్లైడ్ లాగితే ఛాంబర్‌లో ఉన్న తూటా ఎగిరి కింద పడుతుంది. ఒక తూటా బయటికి వచ్చింది కదా, ఇక ఖాళీ అనిపిస్తుంది. కానీ స్లైడ్ ముందుకు వెళ్తూ మ్యాగజైన్‌లోని తర్వాతి తూటాను ఛాంబర్‌లోకి తోసేస్తుంది. ఆ తర్వాత మ్యాగజైన్ బయటికి తీస్తారు. చేతిలో మ్యాగజైన్ ఉంది, దుప్పటి మీద ఒక తూటా ఉంది. ఛాంబర్‌లో ఇంకోటి ఉందని ఎవరికీ తట్టదు. పేలేది అదే.

సరైన పద్ధతి ఇలా ఉంటుంది.

పిస్టల్ మూతి మనుషులు లేని వైపు, గట్టి గోడ వైపో నేల వైపో ఉండాలి. గోడ అవతల ఇంకో గది ఉంటే ఆ గదిలో ఎవరున్నారో కూడా చూసుకోవాలి. వేలు ట్రిగ్గర్ మీద కాకుండా ఫ్రేమ్ పక్కన చాచి ఉంచాలి.

మ్యాగజైన్ బయటికి తీయాలి. దాన్ని దూరంగా పెట్టాలి.

స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగాలి. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. లోపల తూటా ఉంటే బయటికి పడుతుంది.

స్లైడ్ వెనక్కి పట్టుకుని ఛాంబర్‌లోకి కంటితో చూడాలి. తర్వాత చిటికెన వేలు పెట్టి తడమాలి. రెండూ చేయాలి. పాత పిస్టళ్లలో ఎక్స్‌ట్రాక్టర్ అరిగిపోయో, మసి పట్టో ఉంటుంది. అలాంటప్పుడు స్లైడ్ ఎన్నిసార్లు లాగినా తూటా లోపలే ఉండిపోతుంది. పైకి ఏమీ పడలేదు కాబట్టి ఖాళీ అనుకోవడం అందుకే ప్రమాదం.

చివరగా మ్యాగజైన్ పెట్టే ఖాళీలోకి కూడా ఒకసారి చూడాలి.

మధ్యలో ఫోన్ వచ్చినా, ఎవరైనా పిలిచినా లేచి వెళ్తే.. తిరిగొచ్చాక ఈ వరుస మొత్తం మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఇందాక చూశాను కదా అన్న మాట ఇక్కడ చెల్లదు.

మ్యాగజైన్ తీస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే ఏర్పాటు కొన్ని మోడళ్లలో ఉంటుంది. పాత బ్రౌనింగ్ 1910లో ఉంది. వాల్తర్ పీపీలో లేదు. కాబట్టి ఒకరి పిస్టల్‌తో వచ్చిన అలవాటును ఇంకొకరి పిస్టల్ మీద వాడకూడదు. అలాగే పోలీసుల దగ్గరుండే గ్లాక్ తరహా పిస్టళ్లు విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కక తప్పదు. శిక్షణ ఉన్నవాళ్లు కూడా ఛాంబర్‌ను రెండుసార్లు చూసేది అందుకే.

విప్పడం.. ఎంతవరకు?

ఇంట్లో చేసేది పైపై విప్పకమే. స్లైడ్, బ్యారెల్, రిటర్న్ స్ప్రింగ్, ఫ్రేమ్, మ్యాగజైన్.. ఇంతవరకే. ట్రిగ్గర్ లోపలి భాగాలు, సేఫ్టీ, ఎక్స్‌ట్రాక్టర్ పిన్నులు సుత్తితో కొట్టి తీయకూడదు. అవి లైసెన్స్ ఉన్న ఆయుధ డీలర్ దగ్గరి మెకానిక్ పని. పోలీసు శాఖలో అయితే ఆర్మరర్ పని.

విప్పే పద్ధతి మోడల్‌ను బట్టి మారుతుంది.

వాల్తర్ పీపీ తరహాలో ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని కిందికి లాగి కొద్దిగా పక్కకు ఆనించాలి. స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి, వెనక కొనను పైకి లేపి, మెల్లగా ముందుకు వదలాలి. బ్యారెల్ ఫ్రేమ్‌కే ఉంటుంది. స్ప్రింగ్ బ్యారెల్ చుట్టూ ఉంటుంది.

బ్రౌనింగ్ 1910 తరహాలో స్ప్రింగ్ బ్యారెల్ చుట్టూ బిగించి ఉంటుంది. మూతి దగ్గరున్న కప్పును నొక్కి తిప్పితే అది బయటికొస్తుంది. బొటనవేలు అడ్డం పెట్టకపోతే కప్పు, స్ప్రింగ్ తుపాకీ గుండులా ఎగురుతాయి. తర్వాత స్లైడ్‌ను గుర్తు దాకా జరిపి బ్యారెల్‌ను తిప్పాలి. స్లైడ్ విడిపోయేటప్పుడు ఫైరింగ్ పిన్, దాని స్ప్రింగ్ కూడా బయటికి వచ్చేస్తాయి. అవి పోగొట్టుకున్నవాళ్లు చాలామందే ఉంటారు.

కోల్ట్ 1903 తరహాలోనూ స్లైడ్‌ను గుర్తు దగ్గరికి తెచ్చి బ్యారెల్‌ను తిప్పాల్సిందే. ఇంకొన్నింటిలో పక్కనున్న పిన్నునో, మీటనో తీస్తే స్లైడ్ వచ్చేస్తుంది.

పిస్టల్‌తో వచ్చిన మాన్యువల్ ఉంటే అదే ప్రమాణం. లేకపోతే మొదటిసారి డీలర్ దగ్గర ఎదురుగా చేయించుకుని నేర్చుకోవడం మేలు. ఇంటర్నెట్‌లో దొరికే వీడియోల్లో పేరు ఒకటే ఉన్నా మోడల్ వేరేది కావచ్చు. ఏ దశలోనైనా బలం వాడాల్సి వచ్చిందంటే పద్ధతి తప్పిందని అర్థం. అక్కడే ఆపేయాలి.

తీసిన భాగాలను తీసిన వరుసలోనే ఎడమ నుంచి కుడికి పేర్చాలి. స్ప్రింగ్ ఏ కొన ఎటు ఉందో చూసుకోవాలి. చాలా స్ప్రింగులకు ఒక కొన బిగుతుగా, ఇంకో కొన వదులుగా ఉంటుంది. విప్పుతున్నప్పుడు సొంత ఫోన్‌లో ఒక్కో దశకు ఒక ఫొటో తీసుకుంటే బిగించేటప్పుడు పనికొస్తుంది. ఆ ఫొటోలు తన కోసమే. స్టేటస్‌లో, రీల్స్‌లో పెట్టడం అంటే ఇంట్లో ఆయుధం ఉందని దొంగలకు చెప్పడమే. లేనిపోని కేసులకూ అదే దారి.

తుడవడం.. వెనక నుంచి ముందుకు

ఎన్‌సీసీలో రైఫిల్ పట్టినవాళ్లకు పుల్‌త్రూ, చిందీ అనే మాటలు గుర్తుండే ఉంటాయి. తాడుకు గుడ్డ ముక్క కట్టి గొట్టంలోంచి లాగడమే పుల్‌త్రూ. ఆ గుడ్డ ముక్కే చిందీ. పిస్టల్‌కు చిన్న రాడ్ సరిపోతుంది.

బ్యారెల్‌ను ఛాంబర్ వైపు నుంచి మూతి వైపు తుడవాలి. మసి బయటికి పోతుంది. పైగా మూతి అంచుకు గీత పడదు. మూతి అంచు దెబ్బతింటే గురి తప్పుతుంది. అందుకే ఇనుప కడ్డీ, సైకిల్ పుల్లలు వాడకూడదు. ఇత్తడి, నైలాన్, చెక్క రాడ్‌లు పర్వాలేదు.

ముందు గన్ క్లీనింగ్ ద్రావకంతో తడిపిన గుడ్డ ముక్క ఒకటి పంపాలి. కొన్ని నిమిషాలు ఆగాలి. తర్వాత బ్రష్‌ను నాలుగైదుసార్లు ఈ కొన నుంచి ఆ కొన దాకా పూర్తిగా నడపాలి. మధ్యలో వెనక్కి తిప్పితే బ్రష్ వెంట్రుకలు విరుగుతాయి. ఆ తర్వాత పొడి గుడ్డ ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి. తెల్లగా వచ్చేదాకా.

బ్యారెల్‌ను వెలుతురు వైపు పెట్టి చూస్తే లోపలి గాళ్లు మెరుస్తూ కనపడాలి. ఎక్కడైనా చీకటి ఉంగరంలా కనిపిస్తే, ఉబ్బు ఉన్నట్టు అనిపిస్తే ఆ పిస్టల్‌ను కాల్చకూడదు. డీలర్‌కు చూపించాలి.

స్లైడ్ లోపల తూటా వెనక భాగం ఆనే చోట, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద మసి ఎక్కువగా చేరుతుంది. పాత టూత్ బ్రష్‌తో తుడిస్తే చాలు. ఫ్రేమ్ మీద స్లైడ్ జారే గాళ్లు, మ్యాగజైన్ అంచులు కూడా అంతే. చెక్క పట్టీలున్న పిడి మీద ద్రావకం పడకూడదు, పాలిష్ పోతుంది.

పెట్రోల్ వద్దు. తొందరగా ఆవిరై మంట అంటుకుంటుంది. ఇసుక కాగితం వద్దు. తుప్పుతో పాటు పైనున్న నీలి పూత కూడా పోయి, రెట్టింపు వేగంతో తుప్పు పడుతుంది. చిన్న మరకలు ఉంటే నూనెలో నానబెట్టిన మెత్తటి గుడ్డతో ఓపిగ్గా రుద్దితే చాలావరకు పోతాయి. ఫ్రేమ్ మీద, బ్యారెల్ మీద ఉన్న నంబర్ల జోలికి అస్సలు పోకూడదు. నంబర్ చెరిగితే అది తుడవడం కాదు, నేరం.

నూనె.. చుక్క చాలు

వంటింటి నూనెలు పనికిరావు. కొబ్బరి నూనె చలికాలంలో గడ్డ కడుతుంది. వేరుశనగ నూనె గాలి తగిలి జిగురుగా మారుతుంది. గన్ ఆయిల్ వాడాలి. అది అందుబాటులో లేని ఊళ్లో కుట్టుమిషన్‌కు వేసే పల్చటి నూనె వంటనూనె కంటే ఎన్నో రెట్లు నయం.

స్లైడ్ జారే గాళ్ల మీద ఒక్కో చుక్క, బ్యారెల్ బయట పల్చటి పొర, మిగతా లోహం మీద నూనె గుడ్డతో ఒక తుడుపు. అంతే. పత్తి నూగు, మిర్చి పొడి ఎగిరే ఊళ్లో ఎక్కువ నూనె అంటే ఎక్కువ ముద్ద.

మూడు చోట్ల నూనె ఉండకూడదు. మ్యాగజైన్ లోపల, ఛాంబర్‌లో, తూటాల మీద. నూనె తూటా వెనకున్న ప్రైమర్‌లోకి ఇంకితే ఆ తూటా అసలు పేలకపోవచ్చు. అవసరం పడిన రోజు పేలని తూటా కన్నా పెద్ద మోసం లేదు. దాచిపెట్టడానికి బ్యారెల్ లోపల నూనె రాసినట్టయితే కాల్చే ముందు పొడి గుడ్డతో తుడిచేయాలి.

బిగించడం, పరీక్షించడం

విప్పిన వరుసకు తలకిందులుగా బిగించాలి. చివర తీసింది మొదట. స్ప్రింగ్ దిశ చూసుకోవాలి. స్లైడ్ గాళ్లలో సరిగ్గా కూర్చుందో లేదో వేళ్లకే తెలుస్తుంది.

దుప్పటి మీద చిన్న ముక్క మిగిలిపోయిందా? బిగించిన పిస్టల్ పైకి బాగానే కనిపిస్తున్నా మళ్లీ విప్పాల్సిందే.

బిగించాక తూటాలు లేకుండానే నాలుగు పరీక్షలు చేయాలి. మూతి అప్పుడూ గోడ వైపే ఉండాలి.

స్లైడ్ పూర్తిగా వెనక్కి వచ్చి, వదలగానే దానంతటదే పూర్తిగా ముందుకు వెళ్లాలి.

ఖాళీ మ్యాగజైన్ పెట్టినప్పుడు క్లిక్ మని కూర్చోవాలి. బటన్ నొక్కితే సాఫీగా రావాలి.

సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కితే పిన్ కదలకూడదు. కొన్ని మోడళ్లలో సేఫ్టీ వేయగానే సుత్తి దానంతటదే దిగుతుంది, అది లోపం కాదు.

సేఫ్టీ తీసి ట్రిగ్గర్ నొక్కితే క్లిక్ మనాలి. ఈ క్లిక్‌కు ముందు ఛాంబర్‌ను ఇంకోసారి చూసి, తడిమి ఉండాలి.

వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఆ పిస్టల్‌లో తూటా పెట్టకూడదు. లైసెన్స్ పుస్తకం వెంట పెట్టుకుని, తూటాలు ఇంట్లోనే వదిలి, పిస్టల్‌ను మూసిన పెట్టెలో డీలర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మసి గుడ్డలను పిల్లలకు, పశువులకు అందకుండా పారేయాలి.

రివాల్వర్ అయితే?

రివాల్వర్‌లో మ్యాగజైన్ ఉండదు. తూటాలు తిరిగే సిలిండర్‌లోనే ఉంటాయి. కాబట్టి సిలిండర్ తెరిచి ప్రతి గదినీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చూడాలి. ప్రభుత్వ కర్మాగారాలు తయారుచేసే .32 రివాల్వర్‌లో ఆరు గదులుంటాయి. 2014లో కాన్పూర్ నుంచి వచ్చిన నిర్భీక్ కూడా ఈ కోవదే. తేలిగ్గా ఉంటుందని, అర కిలో బరువేనని అప్పట్లో బాగా చర్చ జరిగింది.

రివాల్వర్ విప్పే పని ఇంకా తక్కువ. సిలిండర్ తెరిచి ఆరు గదులు, బ్యారెల్ తుడిస్తే చాలు. స్క్రూలు తీయకూడదు.

కానీ తేలిక అనుకుని తీసిపారేయడానికి లేదు. 2024 అక్టోబర్ 1న తెల్లవారుజామున ముంబైలో బాలీవుడ్ నటుడు గోవిందా కాలికి సొంత లైసెన్స్ రివాల్వర్ తూటా తగిలింది. ప్రయాణానికి బయలుదేరే ముందు దాన్ని అల్మారాలో పెట్టబోతుంటే చేయి జారి కింద పడి పేలిందని ఆయన తరఫువాళ్లు చెప్పారు. ఆస్పత్రిలో తూటా తీశారు, ప్రాణాపాయం తప్పింది. తూటాలు లేని రివాల్వర్ ఎంత ఎత్తు నుంచి పడినా పేలదు.

నొక్కినా పేలకపోతే?

రేంజ్‌లో ట్రిగ్గర్ నొక్కాక తూటా పేలకపోతే వెంటనే తెరిచి చూడకూడదు. మూతి గురి వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. కొన్నిసార్లు మందు ఆలస్యంగా అంటుకుంటుంది. తర్వాత మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగాలి. చిన్న శబ్దంతో పేలి వెనక్కి తన్నకపోతే ఇంకా జాగ్రత్త. తూటా బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకో తూటా కాలిస్తే బ్యారెల్ పగిలిపోతుంది.

ఎంతకోసారి?

కాల్చిన ప్రతిసారీ అదే రోజు. కాల్చకపోయినా పొదిలి లాంటి చోట ఎండాకాలంలో, వానాకాలంలో నెలకోసారి పైపైన తుడిచి నూనె గుడ్డ పెడితే సరిపోతుంది. చెమట చేత్తో పట్టుకున్న ప్రతిసారీ ఒక తుడుపు. బీరువాలో తోలు ఒర బదులు పొడి గుడ్డలో చుట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పక్కన పెట్టాలి. పిస్టల్ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో. తాళం చెవి ఎక్కడుందో పిల్లలకు తెలియకూడదు.

డిపాజిట్‌కు ముందు, తర్వాత

ఎన్నికల ప్రకటన రాగానే స్టేషన్‌కు పరుగెత్తే ముందు ఇంట్లోనే ఒకసారి పూర్తిగా తుడిచి, లోపలా బయటా పల్చగా నూనె పట్టించి ఇవ్వాలి. ఒరలో కాకుండా పొడి గుడ్డలో చుట్టి పెట్టెలో పెడితే మంచిది. రసీదులో ఆయుధం నంబర్, తూటాల లెక్క సరిగ్గా రాశారో లేదో అక్కడే చదువుకోవాలి.

తిరిగి తీసుకునేటప్పుడు నంబర్ సరిచూసుకోవాలి. స్టేషన్‌లోనే మ్యాగజైన్, ఛాంబర్ చూసి తీసుకోవాలి. ఇంటికి వచ్చాక మళ్లీ చూడాలి. ఇచ్చినప్పుడు ఖాళీగా ఉంది కదా అన్నది జ్ఞాపకం. ఇప్పుడు ఖాళీగా ఉందా అన్నది కన్ను, వేలు చెప్పాల్సిన మాట.

గుర్తుంచుకోవాల్సినవి

ముందు మ్యాగజైన్, తర్వాత స్లైడ్. ఆ తర్వాత కన్ను, వేలు.

తూటాలు వేరే గదిలో. మూతి మనుషులు లేని వైపు.

విప్పడం పైపైనే. రిపేర్ డీలర్ దగ్గరే.

నూనె చుక్క చాలు. తూటాకు అస్సలు వద్దు.

లేచి వెళ్తే మళ్లీ మొదటి నుంచి.

పిస్టల్ తుడవడానికి పట్టేది అరగంట. ఛాంబర్ చూడటానికి పట్టేది ఐదు సెకన్లు. ఇంట్లోవాళ్ల ప్రాణాలు ఆధారపడేది ఆ ఐదు సెకన్ల మీదే.